గురక వినపడేంత దూరం

మా అమ్మ ఎస్టీడీలో మాట్లాడితే ఫోన్ అవసరం ఉండదు. చంద్రపూర్ నుంచి హైదరాబాద్ దాకా ఉన్న దూరమంతా తన గొంతుతోనే దాటాలని ఆమె నమ్మకం. అలాంటి మనిషి మొన్న గుసగుసగా మాట్లాడింది. లైను చెడిపోయిందేమోనని నేను హలో, హలో అంటూ కూర్చున్నాను.

"చిన్నమ్మ పోయిందే," అంది అమ్మ.

"అయ్యో. మరి గింత మెల్లగ మాట్లాడుతున్నవేందమ్మా?"

"ఏమో బిడ్డ. ఆమె మాట తీస్తే గొంతు గట్లనే అయితది," అంది.

నిజమే. చంద్రపూర్ పక్కనున్న దుర్గాపూర్ గని కాలనీలో, మా లైనులో, ఎవరు ఆమె ప్రస్తావన తెచ్చినా గొంతు తగ్గించేవారు. అది గౌరవమనుకునేరు. అలవాటు.

ఆమె మాకు చుట్టం కాదు. మా క్వార్టర్‌కూ వాళ్ల క్వార్టర్‌కూ మధ్య ఒకటే గోడ ఉండేది, అంతే. అమ్మ ఆమెను చెల్లె అని పిలిచేది కాబట్టి నాకు చిన్నమ్మ అయింది, ఆమె భర్త చిన్నాయిన అయ్యాడు. మా కాలనీలో చుట్టరికాలు ఇట్లాగే, గోడల్ని బట్టి ఏర్పడేవి.

చిన్నాయిన ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ నడిపేవాడు. అది బండి కాదు, చక్రాలున్న ఇల్లు. మా ఊరి ఎండలో పగటిపూట దాని క్యాబిన్‌లో కూర్చోవడమంటే పెనం మీద కూర్చోవడమే. అందుకని ఆయన వాళ్లతో వీళ్లతో మార్చుకుని ఎప్పుడూ నైట్ షిఫ్టే చేసేవాడు. పొద్దున భోంగా మోగితే, అంటే గని సైరన్ కూస్తే, ఇంటికొచ్చేవాడు. తినేవాడు, పడుకునేవాడు. పొద్దుగూకే వేళకు లేచేవాడు. మా లైనులోనే ఒకాయన స్టీరింగ్ మీద కునుకు తీసి, ఒక కాలు గనికి ఇచ్చేసి ఇంటికొచ్చాడు. ఆ రోజునుంచి చిన్నమ్మ మొగుడి నిద్రను పొత్తిళ్లలో బిడ్డను కాసినట్టు కాసింది. వాళ్లకు పిల్లలు లేరు. దాని గురించి లైను చాలా మాట్లాడింది, మెల్లగా.

ఆమె ఇంట్లో చప్పుడు చేయగల వస్తువులన్నీ శిక్ష అనుభవిస్తుండేవి. మట్టిగాజులు మోచేతిదాకా తోసి పైనుంచి రుమాలు చుట్టేది. అలమరలో స్టీలు గిన్నెకూ గిన్నెకూ మధ్య క్రోషియా రుమాలు పరిచి ఉండేది. చూడవచ్చిన వాళ్లు ఎంత ముచ్చటగా ఉందో అనేవాళ్లు. ముచ్చట కాదు, గిన్నెలు తగిలి మోగకుండా. కుక్కర్ తన ఇంట్లో పెట్టేది కాదు. పప్పు, నీళ్లు పోసి మూత బిగించి మా వంటింటికి తెచ్చేది. ఆమె పప్పు మా ఇంట్లో విజిల్ వేసి, వాళ్లింటికి పోయి చల్లగా కూర్చునేది. తుమ్ము వస్తే ముక్కు పట్టుకుని కళ్లు మూసుకునేది. ఆ తుమ్ము ఎక్కడికి పోయేదో నాకు ఇప్పటికీ తెలియదు.

మరి గనిలో మధ్యాహ్నం బ్లాస్టింగ్ అయితే క్వార్టర్ల కిటికీలన్నీ గలగలలాడేవి. దానికి చిన్నాయిన పక్కకైనా ఒత్తిగిల్లేవాడు కాదు. చెంచా పడితే లేచి కూర్చునేవాడు. ఇందులో న్యాయమేమిటని ఎవరూ ఆయన్ను అడగలేదు. అడగాలంటే లేపాలి.

నైట్ షిఫ్ట్ మనిషి పడుకున్న ఇంటి గేటుకు టవల్ కట్టడం మా లైను ఆచారం. భాజీ, అంటే కూరగాయలు, అమ్మేవాళ్లు, పాత ఇనుప భంగార్ కొనేవాళ్లు టవల్ చూసి నోరు మూసుకుని ఆ ఇల్లు దాటేవాళ్లు. దాచుకున్న కేక పక్కింటి ముందు వడ్డీతో కలిపి వేసేవాళ్లు. ఆ పక్కిల్లు మాది. చిన్నమ్మ ఆ టవల్‌ను మార్చేసింది. తెల్లటి మందపు గుడ్డ మీద ముడుచుకుని పడుకున్న పిల్లిని క్రాస్ స్టిచ్‌లో కుట్టి కట్టింది. అక్షరాలు పెట్టలేదు. మా లైనులో తెలుగువాళ్లు, మరాఠీవాళ్లు, హిందీవాళ్లు ఉండేవాళ్లు. తెలుగు ఇంట్లో పుట్టిన నాలాంటి వాళ్లకే తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటే తప్ప వచ్చేవి కావు. పిల్లి మాత్రం అందరికీ వచ్చు. ఆ పిల్లిని చూసి మిగతా నైట్ షిఫ్ట్ ఇళ్లవాళ్లు కూడా కుట్టించుకున్నారు. ఒకరికి కుందేలు, ఒకరికి బాతు. మూల ఇంటి లావుపాటి ఫిట్టర్‌కు పడుకున్న బర్రెను కుట్టింది. ఆయన చాలా సంతోషించాడు. ఆయన భార్య ఇంకా సంతోషించింది.

సూదిపని అంటే ఆమెకు ఎందుకంత ఇష్టమని ఒకసారి అడిగాను.

"సప్పుడు చెయ్యదు గద," అంది.

అప్పుడప్పుడే ఊళ్లోకి కొత్త వస్తువులు దిగుతున్నాయి. దేశం తలుపులు తెరిచిందని పేపర్లు రాసేవి. ఆ తలుపుల్లోంచి వచ్చిన ప్రతిదానికీ చిన్నమ్మ గౌను కుట్టింది. కలర్ టీవీకి ఊలు కవరు, ఫ్రిజ్ పైన జాలరు, ఫ్రిజ్ చేతికి తొడుగు, మిక్సీకి టోపీ, ఫోనుకు గొడుగులాంటిదొకటి. ఎవరింట్లో ఏం కొన్నా మొదట ఆమెకు కబురు వచ్చేది. ఆమె టేపు తీసుకుని కొలతలకు పోయేది కాదు, పోలేదు. వాళ్లే పాత పేపరు చుట్టి, దాన్ని ఆకారానికి కత్తిరించి తెచ్చి ఇచ్చేవాళ్లు. ఆమె తాను ఎన్నడూ చూడని ఫ్రిజ్‌లకు, చూడని ఇళ్లలోని టీవీలకు బట్టలు కుట్టింది. అన్నీ సరిపోయాయి.

పోలేదు అన్నాను కదా, అదే ఆమె కథ. ఎవరూ ఆమెను కట్టేయలేదు. ఆమెకు ఒక కొలత ఉండేది. చిన్నాయిన గురక ఎంతదూరం వినపడితే అంతదూరం పోవచ్చు. గురక ఆగిందంటే ఆయన లేచినట్టు. లేచిన మనిషి చేతికి చాయ్ గ్లాసు అందాలి. లేచి పిలిచి, పలకక, వెతికి, అప్పుడు చాయ్ తాగితే మళ్లీ నిద్ర పట్టదని, ఆ రాత్రి డంపర్ గని బొంద అంచు దాటుతుందని ఆమె లెక్క. గురక మా వంటింట్లోకి బాగా వినపడేది. వెనక గల్లీలో చింతచెట్టు దాకా, చెవి పెడితే, వినపడేది. నల్లా దగ్గర వినపడేది కాదు, అందుకే వాళ్ల నీళ్లు నేను పట్టేదాన్ని. ఎండాకాలం ఇంకా ఘోరం. కూలర్ రొదలో గురక మునిగిపోయేది. ఆ రెండు మూడు నెలలూ ఆమె ఆయన గది గడపలోనే కూర్చుని కుట్టేది. జనమంతా ఎండకు ఇంట్లో పడి ఉంటారు కాబట్టి ఆమె ప్రత్యేకంగా ఏం పోగొట్టుకున్నట్టు కనిపించేది కాదు.

నన్ను ఆమె దగ్గరికి కుట్లు నేర్చుకోవడానికి పంపింది అమ్మ. నేర్చుకోవడానికి కాదు, కాలేజీ అయ్యాక నా నోరు కాసేపు మూతపడుతుందని. పాఠమంతా సైగలతోనే నడిచేది. తప్పు కుడితే ఆమె కనుబొమ్మ ఒకటి లేచేది. బాగా తప్పు కుడితే రెండూ లేచేవి. నా రుమాలు చూసినప్పుడు ఆమె నుదురు మొత్తం ఖాళీ లేకుండా పోయేది. ఆమె జాకెట్ భుజానికి గుచ్చుకున్న సూదిని తీసి, దారం కొనను పెదాలతో తడిపేది. కళ్లు సూదిని చూడకుండా కిటికీలోంచి గల్లీ చివరిదాకా చూస్తుండగా, దారం దానంతటది ఎక్కేది.

మధ్యాహ్నం టీవీలో సీరియల్ పెట్టేది, గొంతు పూర్తిగా తీసేసి. అందులోవాళ్లు ఏడుస్తుంటే వాళ్ల మాటలు ఆమె నా చెవిలో చెప్పేది, కుట్టు ఆపకుండా. అసలు కథ ఏమిటో ఆమెకు తెలియదు, నాకు తెలియదు.

"గీమె ఏమంటుందే?" అని నేను అడిగేదాన్ని.

"అక్కా, నేను భద్రావతి పోయొస్త, నా గాజుల డబ్బ చూస్కో అంటుంది."

"ఆ సూటేసుకున్నాయన?"

"నేను గూడ వస్త, బస్సు ఎన్నింటికుంది అంటుండు."

"మరి ఏడుస్తుండేంది?"

"బస్సు ఎల్లిపోయిందట."

ఆమె సీరియళ్లలో ఆస్తి తగాదాలుండేవి కావు, అత్తలు విషం పెట్టేవాళ్లు కాదు. అందరూ ఎక్కడికో బయలుదేరుతుండేవాళ్లు.

చిన్నాయిన చెడ్డవాడని నేను చెప్పడం లేదు. చెడ్డవాడైతే రాయడం సులభమయ్యేది. ఇంట్లో నిశ్శబ్దంగా ఉండమని ఆయన ఎవరికీ చెప్పినట్టు ఎవరికీ గుర్తులేదు. గని పెంచడానికి చెట్లు కొట్టినప్పుడు ఒక మొద్దు తొర్రలో చిలుక పిల్ల దొరికితే, దాన్ని టిఫిన్ డబ్బాలో పెట్టుకుని ఆమెకు తెచ్చాడు. "ఒక్కదానివే ఉంటవ్ గద, మాటలు నేర్పుకో," అన్నాడట. మంచి ఆలోచనే. ఆ ఇంట్లో మాటలు ఎక్కడున్నాయో ఆయన ఆలోచించలేదు.

మిఠ్ఠూ అని పేరు పెట్టిన ఆ చిలుక పెరిగింది, ఎర్రటి ముక్కు, మెడకు పట్టీ వచ్చాయి. రామా అనలేదు, చాయ్ అనలేదు. పొద్దంతా తనకు వినపడే ఒకే ఒక్క శబ్దాన్ని శ్రద్ధగా విని, సాధన చేసి, ఒకరోజు గురక పెట్టింది.

మొదట్లో సన్నగా ఉండేది, జలుబు చేసిన పిల్లవాడిలా. తర్వాత గొంతు ముదిరింది. చిన్నమ్మ ఇద్దరి తేడా నాకు నేర్పింది. "ఆయనది చివర్ల ఆగుతది. ఇంత సేపు ఏం ఉండది, మళ్ల షురూ అయితది. దీనిది ఆగది." పగలు అది మొదలుపెట్టకుండా పంజరానికి క్రోషియా కవరు అల్లింది. చీకటి అనుకుని పడుకుంటుందని. క్రోషియా నిండా బొక్కలే కదా. చిలుక వాటిలోంచి చూసి ఇంకా పగలేనని తేల్చుకుని పని కొనసాగించింది.

ఇట్లా ఉండగా ఆమె అల్లిన టీవీ కవరు ఒకటి కాలనీలో ఆఫీసర్ల బంగళాల వైపు చేరింది. అక్కడ మహిళల కుట్టు కేంద్రం నడిపే మరాఠీ ఆవిడ దాన్ని చూసింది. ఆవిడను అందరూ తాయి, అంటే అక్క, అనేవారు. మధ్యాహ్నాలు అమ్మాయిలకు చేతికుట్టు నేర్పడానికి టీచర్ కావాలట. గురువారం కమిటీ బాయిని, అంటే కమిటీలో ఉన్న ఇంకో ఆవిడను, వెంటబెట్టుకుని ఇంటికే వస్తాం, చేసినవన్నీ చూపించండి అని కబురు పంపింది.

ఆ కబురు విన్నరోజు చిన్నమ్మ పప్పు కుక్కర్ మా ఇంట్లో పెట్టి, తీసుకెళ్లడం మరిచిపోయింది.

"పోతవా మరి?" అంది అమ్మ.

"అక్కడ గొంతు లేపి చెప్పాల్నట అక్కా. పిల్లలు చానమంది ఉంటరట. వెనక కూసున్నోళ్లకు గూడ వినపడాలె." ఆమె చెప్పింది జీతం గురించి కాదు, పేరు గురించి కాదు. పెద్దగా మాట్లాడొచ్చు అన్న సంగతి గురించి.

"ఏదీ, ఒక్కసారి చెప్పు, వింట," అన్నాను నేను, వంటింటి అవతలి మూలకు పోయి నిలబడి.

ఆమె పైట సర్దుకుంది. "ముందుగల్ల," అంది. గాలి తప్ప ఏం రాలేదు. దగ్గింది, ముక్కు పట్టుకుని. మళ్లీ "ముందుగల్ల గొలుసు కుట్టు" అంది. అది మధ్యలో ఉన్న అమ్మ దాకా వచ్చి ఆగిపోయింది.

"నాకు రాలే టీచర్," అన్నాను.

"నువ్వు ముందు బెంచీల కూసో," అంది. వాళ్లింటి నుంచి గురక వినపడుతూనే ఉంది.

చిన్నాయినను అడగాలి కదా. అడిగింది, ఆయన డ్యూటీకి పోబోతూ బూట్లు వేసుకుంటుంటే. మరునాడు ఆయనే అమ్మకు చెప్పాడు.

"నేనేం వద్దంటలేను వదినె. పోతె మంచిదే. గానీ నేను నడుమల లేస్తే తను లేకుంటే బాధపడ్తదేమోనని..."

"ఎవరు బాధపడ్తరు, నువ్వా, ఆమెనా?" అంది అమ్మ.

"ఆమెనే," అన్నాడు. నిజంగానే అన్నాడు. "చూద్దాం, ముందు వాళ్లను రానియ్యి."

గురువారం నాడు పొద్దున్నే ఆయన వచ్చి తిని పడుకున్నాడు. చిన్నమ్మ పిల్లి గుడ్డ గేటుకు కట్టింది. వెనక పెరట్లో మంచం వాల్చి, దుప్పటి పరిచి, తను కుట్టినవీ అల్లినవీ అన్నీ దాని మీద సర్దింది. నేను కాలేజీ ఎగ్గొట్టి పక్కన కూర్చున్నాను. ముందు గదిలో ఎందుకు పెట్టలేదంటే అక్కడికి పక్కగదే ఆయనది. మా లైనులో ఆడవాళ్లెవరైనా, గేటుకు గుడ్డ కనిపిస్తే, చుట్టూ తిరిగి వెనక గల్లీలోంచి వస్తారు. ఇది చెప్పాల్సిన విషయమని ఆమెకూ తోచలేదు, నాకూ తోచలేదు. ఊపిరి పీల్చుకోమని ఎవరూ కబురు పంపరు కదా.

గురక వినపడుతోంది. చివర్ల ఆగి, మళ్లీ మొదలవుతోంది. ఆమె ఆ ఆగడం విన్నప్పుడల్లా నెమ్మదిగా తలూపింది. మిఠ్ఠూ ఆగడం కూడా నేర్చుకుందని మాకు ఆ మధ్యాహ్నం దాకా తెలియదు.

తాయీ, కమిటీ బాయీ ముందువైపు వచ్చారు. వాళ్లు బంగళాల వాళ్లయినా కాలనీ మనుషులే, గేటు గుడ్డ అంటే ఏమిటో వాళ్లకూ తెలుసు. వెనక గల్లీ ఉందని మాత్రం తెలియదు. వాళ్ల బంగళాల వెనక తోటలుంటాయి. గేటు ముందు నిలబడ్డారు. లోపలినుంచి గురక. కొక్కెం తీస్తే మోగుతుందని ముట్టుకోలేదు. ఎండలో అట్లాగే నిలబడ్డారు, కొంగులు నెత్తిన కప్పుకుని.

మా అమ్మ అప్పుడే వంట ముగించి మా వరండాలోకి వచ్చింది. చూసింది. అరవకూడదు. కాబట్టి చెయ్యి ఎత్తి గుండ్రంగా ఊపింది, చుట్టూ తిరిగి వెనకనుంచి రమ్మని. వాళ్లకు అది పొమ్మన్నట్టు కనిపించింది. తాయి మెల్లగా ఏదో అడిగింది. అమ్మ ఇంకా గట్టిగా ఊపింది. వాళ్లు ఇంకా త్వరగా నడిచారు. "ఝోపలేత్ వాటతే," పడుకున్నట్టున్నారు అని ఒకరికొకరు చెప్పుకోవడం అమ్మకు వినపడిందట. అమ్మ చెప్పులు వేసుకుని గేటు దాటేసరికి వాళ్లు మలుపు తిరిగిపోయారు.

మలుపు దగ్గర ఒకాయన సైకిలు దిగి, మర్యాదగా పక్కకు జరిగి వాళ్లకు దారి ఇచ్చాడు. చిన్నాయిన.

ఆయన ఎప్పుడో లేచాడు. ఇంటికి పెద్దవాళ్లు వస్తున్నారు, చేతిలో ఏమైనా పెట్టకపోతే బాగుండదని, కచోరీలు తేవడానికి పోయాడు. చిన్నమ్మ వెనక పనిలో ఉంది, పిలిస్తే చెదిరిపోతుందని చెప్పులు చేత్తో పట్టుకుని, గడప దాటాక తొడుక్కుని, కొక్కెం మోగకుండా గేటు తీసి, గుడ్డ ఎట్లా ఉన్నది అట్లాగే వదిలి, పోయాడు. ఆ ఇంట్లో ఇన్నేళ్లు ఉన్నాడు కదా, చప్పుడు లేకుండా కదలడం ఆయనకూ వచ్చింది.

నూనె మరకల పొట్లం చేత్తో పట్టుకుని ఆయన ఇల్లంతా దాటి పెరట్లోకి వచ్చాడు. మేమిద్దరం ఆయన్ను చూశాం. లోపలినుంచి గురక వస్తూనే ఉంది. చివర్ల ఆగింది. మళ్లీ మొదలైంది.

నవ్వాలో ఏం చేయాలో తెలియక నేను మంచం మీద సర్దిన వాటిలోని ఇంకో పిల్లి బొమ్మను చూశాను. పిల్లి పడుకునే ఉంది.

"ఎప్పుడు లేసినవ్?" అంది చిన్నమ్మ. మామూలు గొంతుతో అంది. మామూలు గొంతంటే మనలాంటి వాళ్ల మామూలు. పక్క పెరట్లో బట్టలు ఆరేస్తున్న మనిషి తిరిగి చూసింది.

"చానసేపాయె."

"చెప్పాలె గద."

"నువ్వు పనిల ఉన్నవ్. డిస్టర్బ్ ఎందుకని."

ఇంతలో అమ్మ వచ్చి, గేటు దగ్గర జరిగింది చెప్పింది. ముందు చిలుక పలికింది, గురకతో. చిన్నాయిన పొట్లం నా చేతిలో పెట్టి, "సైకిలెక్కు," అన్నాడు ఆమెతో. ఆమె దుప్పటి నాలుగు మూలలూ పట్టి అన్నిటినీ మూట కట్టింది. క్యారియర్ మీద పక్కకు కూర్చుంది, మూట ఒళ్లో పెట్టుకుని. గాజుల మీద రుమాలు విప్పడం మరిచిపోయింది. ఆమెను ఆ రోడ్డు మీద చూడటం నాకది మొదటిసారి. ఎప్పుడూ పోయొచ్చే మనిషిలాగే కూర్చుంది.

వాళ్లిద్దరూ తాయి దగ్గరికి పోయి తొందరగానే తిరిగొచ్చారు. ఏం జరిగిందో ఆయన చెప్తుంటే మా అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తాయి వాళ్లను కూర్చోబెట్టింది, నీళ్లిచ్చింది, మూట విప్పి అన్నీ చూసింది, చేత్తో తడిమి చూసింది. ఇంత బాగా చేతికుట్టు తను చూడలేదంది. అయితే, అంది, నైట్ డ్యూటీ మనిషి ఇంట్లో పడుకుని ఉంటే రోజూ మధ్యాహ్నం మీరెట్లా వస్తారు, పాపం, మేం కళ్లారా చూశాం, చెవులారా విన్నాం. అప్పుడు చిన్నాయిన వైపు తిరిగి వీరెవరు అంది.

"ఇంటాయన," అంది చిన్నమ్మ.

"మరి ఇంట్లో పడుకున్నదెవరు?"

చిన్నమ్మకు అబద్ధం చెప్పడం రాదు. అది నిశ్శబ్దంగా చేసే పనే అయినా రాదు.

"పోపట్," అంది. మరాఠీలో చిలుక.

తాయీ కమిటీ బాయీ ఒకరినొకరు చూసుకున్నారు. మొగుడు ముందు నిలబడి ఉన్నాడు, ఇంట్లో గురక వినపడింది, భార్య చిలుక అంటోంది. ఆయన ఔనౌను, చిలుకే, నేనే తెచ్చిన, అన్నాడు. అనకపోతే బాగుండేది. ఆ తర్వాత వాళ్లు ఇంకా చాలా మర్యాదగా మాట్లాడారట.

పని వేరే ఆమెకు ఇచ్చారు. జనరల్ షిఫ్ట్ గుమాస్తా భార్య. ఆమె కుట్టు నేను తర్వాత చూశాను. నా రుమాలు కంటే మెరుగు, అంతవరకే. కానీ తాయి మనసు మంచిది. అంత చేతి పని వృథా కాకూడదని, కేంద్రంలో ఖాళీగా ఉన్న కుట్టుమిషన్ ఒకటి రిక్షాలో వేయించి చిన్నమ్మ ఇంటికి పంపింది. బడిపిల్లల చొక్కాలు కుట్టే పని. వెంట ఒక కబురు కూడా. "ఘరీ బసూన్ కరా." ఇంట్లో కూర్చునే చేసుకోండి.

రిక్షావాడు మిషన్ దింపుతుంటే చిన్నమ్మ గేటు పట్టుకుని నిలబడింది. అమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "మంచిదే గద చెల్లె, ఎటు పోకుంటనే పని వచ్చె," అంది. అమ్మ ఓదారుస్తున్నాననే అనుకుంది.

"గదే అక్కా," అంది చిన్నమ్మ. "ఎటు పోకుంటనే."

మిషన్ అంటే చప్పుడు కదా. నేను పడుకున్నప్పుడు నడుపుకో, నాకేం కాదు, బ్లాస్టింగ్‌కే లేవను, అని చిన్నాయిన గట్టిగా చెప్పాడు. ఒట్టు పెట్టి చెప్పాడు. ఆమె మొదలుపెట్టింది. ముందు గదిలో మిషన్, పక్కగదిలో ఆయన. జానెడు కుట్టు పడేది, చెయ్యి చక్రం మీద పడేది, మిషన్ ఆగేది. తల వాల్చి వినేది. గురక ఉందా? ఉంది. మళ్లీ జానెడు. మిషన్ రొదలో గురక వినపడదు కాబట్టి ఆపి వినాలి. ఇబ్బందేమిటంటే చిన్నాయినకు మిషన్ చప్పుడుకు మంచి నిద్ర పట్టేది, డంపర్ రొదలాగా. ఆగినప్పుడు మెలకువ వచ్చేది. ఆయన నిద్రపోతున్నాడా అని ఆమె ఆపుతుంది. ఆపింది కాబట్టి ఆయన లేస్తాడు. లేచి, చాయ్ తాగి, మళ్లీ పడుకోవాలి. మిఠ్ఠూ ఈ గొడవతో సంబంధం లేకుండా తన గురక తాను పెడుతుండేది, ఎవరూ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

కొన్నాళ్లకు నేను చొక్కాలకు గుండీలు కుట్టిపెట్టడానికి పోయాను. నాకు అప్పగించదగిన పని అదొక్కటే. ఆమె జానెడు కుట్టింది, ఆపింది. లోపలినుంచి వెంటనే గురక వచ్చింది. కాస్త పెద్దదిగా, తొందరగా. పిలిచిన వెంటనే పలికినట్టు. చివర్ల ఆగడం కూడా మరిచిపోయి ఏకబిగిన వచ్చింది. చిలుక నిశ్శబ్దంగా వింది. ఇంత పేలవమైన పని అది ఎన్నడూ చేసి ఉండదు.

చిన్నమ్మ నా వైపు వంగింది. "లేసే ఉన్నడు," అంది గుసగుసగా.

"మరి చాయ్ పెడ్తవా?"

"ఎట్ల పెడ్త? పెడితే, ఆయన లేసిండని నాకు ఎర్కైందని ఆయనకు ఎర్కైతది."

"అయితే?"

"మళ్ల రేపటినుంచి గురక పెట్టడు."

లోపల ఆయన దూపతో పడుకుని గురక పెడుతున్నాడు. లేస్తే ఆమె పని ఆగిపోతుంది. బయట ఆమె, చాయ్ గిన్నె వైపు చూసి, మళ్లీ చొక్కా వైపు చూసింది. నేను పోయి ఒక గ్లాసు నీళ్లిచ్చి వద్దునా అన్నాను. ఆమె కనుబొమ్మలు రెండూ లేచాయి. గుండీలు కుట్టుకున్నాను.

ఆమె కాలు తొక్కుడు మీద పెట్టింది. పొడుగాటి చొక్కా పక్క కుట్టు, చంక నుంచి అంచు దాకా. ఈసారి చెయ్యి చక్రం మీదికి పోలేదు. మిషన్ ఆగకుండా నడిచింది, లోపల గురక కూడా దానికి పోటీగా నడిచింది, రెండూ గోడ దాటి మా వరండాలో కూర్చున్న అమ్మకు కూడా వినపడ్డాయట. కుట్టు అంచుదాకా వచ్చి, గుడ్డ దాటి, ఖాళీ దారం మీద కూడా కొంచెం దూరం పోయింది. అప్పుడు ఆపింది. తీసి చూసింది. నడుమ కుట్టు కాస్త వంకర పోయింది. విప్పుతుందనుకున్నాను. పళ్లతో దారం తెంపి, ఇంకో చొక్కా అందుకుంది.